కొత్త మౌంటెన్ బైక్: తొలి చూపు ఎంతవరకు నిజం?

కొత్త సైకిలు కొనడానికి వెళ్లినవారు షాపులో చేసే పనులు దాదాపు ఒకేలా ఉంటాయి. సైకిలును ఒక చేత్తో పైకెత్తి బరువు చూస్తారు. హ్యాండిల్ పట్టుకుని ముందు షాకప్పులను గట్టిగా నొక్కుతారు. బొటనవేలితో టైరును అదిమి గాలి ఎంతుందో అంచనా వేస్తారు. ఎన్ని గేర్లని అడుగుతారు. చివరికి షాపు ముందు రోడ్డు మీద ఒక రౌండు కొట్టి, బాగుందో లేదో తేల్చేస్తారు.

పాలు తేవడానికో, బడికి వెళ్లడానికో వాడే సైకిలుకు ఈ పరీక్షలు చాలావరకు సరిపోతాయి. మౌంటెన్ బైక్ సంగతి వేరు. దాని షాకప్పులు, డిస్క్ బ్రేకులు, లావు టైర్లు పనిచేయాల్సింది రాళ్ల దారుల్లో, వాలుల్లో, బురదలో. చదును రోడ్డు మీద వాటికి పెద్దగా పనే పడదు. అందువల్ల షాపులో కలిగే తొలి అభిప్రాయం కొన్నిసార్లు అసంపూర్ణంగా, కొన్నిసార్లు అసలు నిజానికి పూర్తి వ్యతిరేకంగా ఉంటుంది.

మన దేశంలో ఇలాంటి సైకిళ్లు పది పదిహేను వేల రూపాయల నుంచి లక్షల ధర వరకు దొరుకుతున్నాయి. 2023 అక్టోబరులో కేరళలోని పొన్ముడి కొండల్లో ఆసియా మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్ కూడా జరిగింది. హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు, విశాఖపట్నం నుంచి అరకు ఘాట్‌కు సైకిళ్లపై వెళ్లేవారు తరచూ కనిపిస్తున్నారు. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టనక్కర్లేదు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోనే ఉంది.

కాలిన గ్రీజుతో మొదలైన కథ

మౌంటెన్ బైక్ పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మరిన్ కౌంటీ. 1970లలో అక్కడి యువకులు కొందరు 1930, 40ల నాటి పాత బరువైన సైకిళ్లను బాగుచేసుకుని, టామల్‌పైస్ పర్వతం చుట్టుపక్కల మట్టిదారుల్లో కిందికి దూసుకొచ్చేవారు. 1976 అక్టోబరులో వాళ్లు మొదలుపెట్టిన పందెం పేరు 'రీప్యాక్'. ఆ పేరు వెనుక ఒక చిక్కు ఉంది. పెడళ్లను వెనక్కి తొక్కితే పడే పాతకాలపు బ్రేకు వెనక చక్రం హబ్బు లోపల ఉండేది. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్బు కాగిపోయి, లోపలి గ్రీజు పొగలై పోయేది. మళ్లీ పందేనికి ముందు హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపాల్సి వచ్చేది. దాన్నే ఇంగ్లిషులో రీప్యాక్ చేయడమంటారు.

ఎంత వేడి పుట్టేదో లెక్క వేయవచ్చు. ఆ దారి సుమారు మూడుంపావు కిలోమీటర్లలో దాదాపు 400 మీటర్లు దిగుతుంది. సైకిలు, మనిషి కలిపి 90 కిలోలనుకుంటే, కోల్పోయే స్థితిజ శక్తి 90 × 9.8 × 400, అంటే సుమారు 3.5 లక్షల జౌళ్లు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న లీటరు నీటిని మరిగే స్థితికి తేవడానికి దాదాపు ఇంతే శక్తి కావాలి. ఇందులో కొంత భాగం గాలి నిరోధానికి, దారి కుదుపులకు పోతుంది. మిగిలినదంతా బ్రేకులోనే వేడిగా మారాలి.

ఆ పాత సైకిళ్లను చదును రోడ్డు మీద నడిపి చూసినవారికి ఆ బ్రేకులో ఏ లోపమూ కనిపించి ఉండదు. దాని హద్దు ఎక్కడుందో చెప్పింది కొండే. ఆ తర్వాత జో బ్రీజ్, టామ్ రిచీ వంటివారు కొండదారుల కోసమే ఫ్రేములు తయారుచేశారు. 1981లో 'స్టంప్‌జంపర్' పేరుతో పెద్ద ఎత్తున తయారైన తొలి మౌంటెన్ బైక్ మార్కెట్లోకి వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు దక్కింది.

బరువు: చేతికి తెలిసేదెంత, కొండకు తెలిసేదెంత

షాపులో అందరూ మొదట చూసేది బరువు. 14 కిలోల సైకిలు, 13 కిలోల సైకిలు పక్కపక్కన ఎత్తి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఆ ఒక్క కిలో కోసం వేల రూపాయలు ఎక్కువ పెట్టేవారున్నారు. అయితే కొండ ఎక్కేటప్పుడు మోయాల్సింది సైకిలును ఒక్కదాన్నే కాదు, తొక్కే మనిషిని కూడా.

70 కిలోల మనిషి 14 కిలోల సైకిలుపై 300 మీటర్ల ఎత్తు ఎక్కుతున్నాడనుకుందాం. గురుత్వానికి ఎదురుగా చేయాల్సిన పని సుమారు 2.47 లక్షల జౌళ్లు. నిలకడగా 150 వాట్ల శక్తితో తొక్కితే 27 నిమిషాలకు పైగా పడుతుంది. సైకిలు ఒక కిలో తేలికైతే ఆదా అయ్యే పని 2,940 జౌళ్లు. సమయంలో చూస్తే సుమారు 20 సెకన్లు.

పోటీలో 20 సెకన్లు పతకాన్ని మార్చగలవు. ఆదివారం పొద్దున్నే సరదాగా అనంతగిరి ఎక్కేవారికి దానివల్ల ఒరిగేది తక్కువ. బరువు తగ్గించడం తప్పేమీ కాదు గానీ, అది చివరగా డబ్బు పెట్టాల్సిన చోటు.

షాకప్పులు: మెత్తగా ఉంటే చాలదు

హ్యాండిల్ నొక్కగానే మెత్తగా కిందికి దిగి, వదలగానే టక్కున పైకి లేచే ఫోర్క్ కొనేవారిని ఇట్టే ఆకట్టుకుంటుంది. భౌతికశాస్త్రం ప్రకారం అది అనుమానించాల్సిన లక్షణం.

షాకప్పులో రెండు పనులు జరగాలి. రాయి తగిలినప్పుడు స్ప్రింగు నొక్కుకుని దెబ్బను కాసేపు తనలో దాచుకోవాలి. ఆ తర్వాత ఆ శక్తిని ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. స్ప్రింగు ఒక్కటే ఉంటే దాచుకున్న శక్తిని తిరిగి చక్రానికే ఇచ్చేస్తుంది. చక్రం ఎగిరి, నేలతో పట్టు కోల్పోతుంది. వెంటవెంటనే రెండు మూడు రాళ్లు తగిలితే హ్యాండిల్ అదుపు తప్పుతుంది. మంచి ఫోర్కులో స్ప్రింగుతో పాటు డ్యాంపర్ ఉంటుంది. ఇందులో నూనె సన్నని రంధ్రాల గుండా ప్రవహిస్తూ, శక్తిని వేడిగా మార్చి, ఊపును అణుస్తుంది. తలుపు ధడాలున మూసుకోకుండా ఆపే డోర్ క్లోజర్‌లో ఉండే సూత్రం ఇదే.

చవక ఫోర్కుల్లో చాలావాటికి నూనె డ్యాంపర్ ఉండదు. ఉక్కు స్ప్రింగు, లోపలి గొట్టాల రాపిడి, అంతే. షాపులోనే తేడా కనిపెట్టవచ్చు. ఫోర్క్‌ను బలంగా నొక్కి వదిలినప్పుడు అది నిదానంగా, చప్పుడు లేకుండా పైకి రావాలి. తిరిగి లేచే వేగాన్ని మార్చే చిన్న నాబ్ ఫోర్క్ అడుగున ఉంటే లోపల డ్యాంపర్ ఉన్నట్టే. ఖరీదైన కొత్త ఫోర్కు మొదట్లో బిగుసుగా అనిపించవచ్చు. సీళ్లు సర్దుకోవడానికి కొన్ని గంటల వాడకం పడుతుంది. గాలి స్ప్రింగు ఉన్నదైతే తొక్కేవారి బరువును బట్టి గాలి నింపుకోవాలి. 100 మిల్లీమీటర్ల ఫోర్క్ అయితే, మనిషి ఎక్కి కూర్చోగానే 20 నుంచి 25 మిల్లీమీటర్ల వరకు కుంగాలి.

పిల్లలు ముచ్చటపడే 'ముందూ వెనకా షాకప్పుల' చవక సైకిళ్లదీ ఇదే సమస్య. పెడల్ తొక్కిన ప్రతిసారీ వెనక స్ప్రింగు కుంగి లేస్తుంది. కాలి బలంలో కొంత ముందుకు పోవాల్సింది పైకీ కిందికీ ఊగడానికే పోతుంది. అదే ధరలో వెనక షాకప్పు లేని సైకిలు తేలిగ్గా, మెరుగైన బ్రేకులతో దొరికే అవకాశం ఎక్కువ.

టైర్లు: గాలి నిండుగా ఉంటే నెమ్మది

టైరు రాయిలా గట్టిగా ఉంటేనే సైకిలు తేలిగ్గా సాగుతుందని చిన్నప్పటి నుంచీ మన నమ్మకం. నున్నటి తారు రోడ్డు మీద అది చాలావరకు నిజం. గులకరాళ్ల దారిలో లెక్క తలకిందులవుతుంది.

టైరు నేలను తాకే వైశాల్యం సుమారుగా దానిపై పడే బరువును లోపలి గాలి పీడనంతో భాగిస్తే వస్తుంది. వెనక చక్రంపై 54 కిలోల బరువు ఉందనుకుంటే, 50 పీఎస్ఐ పీడనం వద్ద ఆ వైశాల్యం సుమారు 15 చదరపు సెంటీమీటర్లు. పీడనాన్ని 25 పీఎస్ఐకి తగ్గిస్తే 30 దాటుతుంది. నేలను తాకే రబ్బరు రెట్టింపవుతుంది. వదులు మట్టిలో పట్టు పెరుగుతుంది.

గట్టి టైరుకు చిన్న రాయి అడ్డొస్తే సైకిలు, మనిషి మొత్తంగా ఆ రాయి ఎత్తుకు లేవాల్సిందే. ఆ శక్తి ముందుకు సాగే వేగంలోంచే పోతుంది. మెత్తని టైరు రాయిని తనలోకి తీసుకుంటుంది, పై బరువు అంతగా లేవదు. అందువల్ల ఎగుడుదిగుడు నేల మీద గాలి కాస్త తక్కువున్న టైరే వేగంగా పోతుంది.

మరీ తగ్గిస్తే మరో ప్రమాదం. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి. ట్యూబులెస్ టైర్లు వచ్చింది ఇందుకే. వాటిలో పోసే ద్రవం చిన్న రంధ్రాలను తనంతట తానే పూడుస్తుంది. తుమ్మముళ్లు, పల్లేరుకాయలు దండిగా ఉండే మన మట్టిదారుల్లో ఇది పనికొచ్చే ఖర్చు.

చక్రం సైజు గురించి జరిగే ప్రచారాన్ని మాత్రం కొలిచి చూసుకోవాలి. 26 అంగుళాల చక్రం కన్నా 29 అంగుళాల చక్రం అడ్డంకులను సులువుగా దాటుతుందన్నది నిజం. ఎంత సులువుగా? రెంటికీ ఒకే మందం టైర్లు వేసి, 8 సెంటీమీటర్ల ఎత్తున్న రాయిని ఢీకొట్టే కోణం లెక్కిస్తే, చిన్న చక్రానికి సుమారు 40 డిగ్రీలు, పెద్దదానికి సుమారు 38.5 డిగ్రీలు వస్తుంది. తేడా ఉంది, అద్భుతమేమీ లేదు.

గేర్లు: 21 కన్నా 12 ఎక్కువ

'21 గేర్లు' అని పెద్ద అక్షరాలతో రాసిన సైకిలు పక్కన 12 గేర్లున్న ఖరీదైన సైకిలు పెడితే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. చూడాల్సింది సంఖ్యను కాదు, అన్నిటికన్నా తేలికైన గేరుకూ బరువైన గేరుకూ మధ్య ఉన్న దూరాన్ని.

సాధారణ 21 గేర్ల సైకిలుకు ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు, వెనక 14 నుంచి 28 పళ్ల వరకు ఏడు చక్రాలు ఉంటాయి. అతి బరువైన గేరు నిష్పత్తి 42/14, అంటే 3. అతి తేలికైనది 24/28, అంటే 0.86. రెండింటి మధ్య మూడున్నర రెట్ల తేడా. ముందు 32 పళ్ల చక్రం ఒక్కటే, వెనక 10 నుంచి 51 పళ్ల వరకు 12 చక్రాలున్న సైకిలుకు ఆ తేడా 5.1 రెట్లు. దాని అతి తేలికైన గేరు నిష్పత్తి 0.63. నిట్రమైన ఎక్కుడులో కూడా నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పుతూ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, దిగి నెట్టాల్సిన అవసరం లేకుండా వెళ్లవచ్చు. 21లో చాలా గేర్లు ఒకదానికొకటి దాదాపు సమానం. ఒకటే పనిని రెండు మూడు రకాలుగా చేస్తాయి.

కొత్త బ్రేకు ఎందుకు సరిగా పడదు?

తొలి అభిప్రాయం తప్పుదోవ పట్టించే మరో భాగం డిస్క్ బ్రేకు. పెట్టెలోంచి తీసిన కొత్త డిస్క్ బ్రేకు మొదటి రోజు బలహీనంగానే ఉంటుంది. బ్రేక్ ప్యాడ్ పదార్థం సన్నని పొరగా డిస్కుపై సమంగా అంటుకున్నాకే దానికి పూర్తి పట్టు వస్తుంది. అందుకు ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో వెళ్తూ, పూర్తిగా ఆగకుండా, నడక వేగానికి తగ్గేలా ఇరవై సార్ల వరకు బ్రేకు వేయాలి. ఈ పని చేయకుండా నేరుగా కొండ దిగేవారు తమకు తెలియకుండానే సగం బ్రేకుతో దిగుతున్నట్టు లెక్క.

హైడ్రాలిక్ బ్రేకు పాస్కల్ నియమంపై నడుస్తుంది. లీవరు వద్ద చిన్న పిస్టన్, డిస్కు వద్ద పెద్ద పిస్టన్. వేలి బలం అన్ని రెట్లు పెరిగి ప్యాడ్లకు చేరుతుంది. తీగతో లాగే డిస్క్ బ్రేకుల్లో కొంత బలం తీగ రాపిడికే పోతుంది. డిస్కు వ్యాసం 160 మిల్లీమీటర్ల నుంచి 203కు పెరిగితే, అదే వేలి బలానికి ఆపే బలం సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. వేడి వెదజల్లే లోహమూ ఎక్కువే.

బ్రేకు ఎంత బలమైనదైనా దాన్ని ఎంత వాడుకోగలమన్నది గరిమనాభి ఎక్కడుందన్న దానిపై ఆధారపడుతుంది. ముందు బ్రేకు గట్టిగా పడితే మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు బోర్లా పడతాడు. గరిమనాభి నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తులో, ముందు చక్రం నేలను తాకే చోటుకు 0.65 మీటర్ల వెనక ఉందనుకుందాం. చదును నేలపై బోర్లా పడకుండా వేయగలిగే గరిష్ఠ బ్రేకు గురుత్వ త్వరణంలో 0.59 వంతు. గంటకు 25 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు 4 మీటర్లలో ఆగవచ్చు. 15 డిగ్రీల వాలులో దిగుతుంటే ఇది 0.31 వంతుకు పడిపోతుంది, ఆగడానికి దాదాపు 8 మీటర్లు కావాలి.

షాపులో అలంకారంలా కనిపించే ఒక భాగం ఇక్కడ ప్రాణాలు కాపాడుతుంది. బొటనవేలితో మీట నొక్కితే సీటును కిందికి దించే 'డ్రాపర్' గొట్టం అది. సీటు దిగితే మనిషి కిందికీ వెనక్కీ జరగడానికి చోటు దొరుకుతుంది. గరిమనాభి 15 సెంటీమీటర్లు కిందికి, 15 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే అదే వాలులో వేయగలిగే బ్రేకు 0.55 వంతుకు, అంటే దాదాపు చదును నేల స్థాయికి తిరిగి వస్తుంది. డ్రాపర్ లేనివారు దిగుడుకు ముందు ఆగి, సీటును చేత్తో దించుకున్నా ఫలితం అంతే.

'హ్యాండిల్ మొద్దుగా ఉంది' అన్న ఫిర్యాదు

ఆధునిక మౌంటెన్ బైక్‌ను షాపు ముందు నెమ్మదిగా తిప్పితే హ్యాండిల్ బద్ధకంగా, ముందు చక్రం ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అది కావాలని చేసిందే. పాత సైకిళ్లలో ముందు ఫోర్క్ తిరిగే ఇరుసు నేలతో 71 డిగ్రీల వరకు కోణం చేసేది. ఇప్పుడు 65 డిగ్రీల దరిదాపుల్లో ఉంటోంది. దీనివల్ల ముందు చక్రం నేలను తాకే బిందువు, ఇరుసు రేఖ నేలను తాకే చోటుకు మరింత వెనక పడుతుంది. 29 అంగుళాల చక్రానికి ఈ దూరం సుమారు 80 మిల్లీమీటర్ల నుంచి 120 దాటుతుంది. ట్రాలీ చక్రం లాగే దిశకు తనంతట తాను తిరిగినట్టు, ఈ దూరం పెరిగితే ముందు చక్రం వేగంలో నిటారుగా సర్దుకుంటుంది.

సైకిలు పడిపోకుండా నిలవడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి 2011లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, ఈ దూరం గానీ చక్రాల గైరోస్కోప్ ప్రభావం గానీ లేకుండానే తనంతట తాను నిలబడి సాగే సైకిలును తయారుచేసి చూపారు. సైకిలు నిలకడ బరువుల అమరికతో సహా అనేక అంశాల ఉమ్మడి ఫలితం. షాపు ముందు ఐదు నిమిషాల్లో దాన్ని అంచనా వేయడం కష్టం.

హెల్మెట్: చివరగా కొనేది, మొదట పనికొచ్చేది

మన మోటారు వాహనాల చట్టంలోని హెల్మెట్ నిబంధన మోటారు ద్విచక్ర వాహనాలకే. సైకిలుకు అది వర్తించదు కాబట్టి నిర్ణయం కొనేవారిదే. బడ్జెట్ అంతా సైకిలుకు పోయాక మిగిలిన డబ్బుతో హెల్మెట్ కొనడం చాలాచోట్ల కనిపిస్తుంది.

యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం హెల్మెట్ తొడిగిన నమూనా తలను సెకనుకు 5.42 మీటర్ల వేగంతో చదును ఇనుప దిమ్మెపై పడేస్తారు. ఇది సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానం. తలకు తగిలే గరిష్ఠ త్వరణం గురుత్వానికి 250 రెట్లు దాటకూడదు. ఆ వేగం నుంచి తల 2 మిల్లీమీటర్లలో ఆగితే సగటు త్వరణం గురుత్వానికి 750 రెట్లు. హెల్మెట్ లోపలి థర్మాకోల్ వంటి నురుగు నలిగి ఆ దూరాన్ని 20 మిల్లీమీటర్లకు పెంచితే 75 రెట్లకు దిగుతుంది. హెల్మెట్ చేసే పనంతా ఆ రెండు సెంటీమీటర్లలోనే ఉంది. ఒకసారి నలిగిన నురుగు మళ్లీ యథాస్థితికి రాదు. అందుకే ఒక్క పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్, పైకి గీత పడకున్నా, పనికిరాదు.

నిజంగా పడేటప్పుడు తల ఏటవాలుగా తగిలి గిరుక్కున తిరుగుతుంది. ఆ మెలిక మెదడు కణజాలానికి హాని చేస్తుంది. 1990లలో స్వీడన్‌లో ఒక న్యూరోసర్జన్, రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు కలిసి మొదలుపెట్టిన పనిలోంచి 'మిప్స్' అనే ఏర్పాటు వచ్చింది. లోపలి పలుచని పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారి, మెలిక బలాన్ని కొంత తగ్గిస్తుంది.

ఇక్కడ మాత్రం తొలి స్పర్శను నమ్మవచ్చు. హెల్మెట్ అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. పట్టీ పెట్టకుండా తల ఊపినా అది జారకూడదు. వదులుగా ఉన్న ఖరీదైన హెల్మెట్ కన్నా సరిగ్గా అమరిన, ప్రమాణాల గుర్తు ఉన్న చవక హెల్మెట్ మేలు.

కొనేముందు, కొన్నాక

సైకిలుతో వచ్చే మాన్యువల్‌ను చాలామంది తెరవరు. చాలా కంపెనీల మాన్యువళ్లలో అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2043 ప్రకారం వాడకం తరగతి రాసి ఉంటుంది. 2వ తరగతి అంటే మట్టి, కంకర దారులు. 15 సెంటీమీటర్లకు మించి కిందికి దూకకూడదు. 3వ తరగతి అయితే రాళ్ల దారులు, 61 సెంటీమీటర్ల లోపు దూకుళ్లు. ఫ్రేముపై 'ఎంటీబీ' అని రాసి ఉన్నా లోపల 2వ తరగతే ఉంటే, అది చూపులకు మాత్రమే మౌంటెన్ బైక్.

కొన్న రెండు మూడు వారాలకు గేర్లు జారడం, చక్రం కాస్త వంకర తిరగడం మొదలవుతుంది. సైకిలు చెడిపోయిందని చాలామంది నిరాశపడతారు. కొత్త తీగల తొడుగులు సర్దుకోవడం, పుల్లల బిగుతు తగ్గడం దీనికి కారణం. మొదటి సర్వీసులో అరగంట పని. దాన్ని మానేస్తే మాత్రం వదులైన పుల్లలు ఒకదాని తర్వాత ఒకటి విరుగుతాయి.

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు భౌతికశాస్త్రం సూచించే వరుస ఇది: ముందు తలకు అమరే హెల్మెట్, తర్వాత నమ్మదగిన బ్రేకులు, దారికి తగిన టైర్లు, ఆపైన డ్యాంపర్ ఉన్న ఫోర్క్. గేర్ల సంఖ్య, తేలికైన ఫ్రేము ఆ తర్వాతే. షాపులో మన కళ్లూ చేతులూ దాదాపు దీనికి తిరగేసిన వరుసలో ఎంచుతాయి. కొనేముందు ఆ వరుసను సరిచేసుకుంటే చాలు, అదే డబ్బుకు మెరుగైన సైకిలు ఇంటికి వస్తుంది.